వేళ్ళ సందున మట్టి

పోయిన నెల మా చేన్లో జేసీబీకి ఒక కాలు దొరికింది. గాలిమర దాకా దారి వేయడానికి వచ్చిన యంత్రం అది. తోలేది బళ్ళారి వైపు పిల్లగాడు, మొలవాలా వద్దా అని మీసాలు ఇంకా ఆలోచిస్తున్న వయసు. గట్టు పక్కన ఒక తొట్టెడు మట్టి ఎత్తి పక్కకు పోయబోతే, అందులోంచి అయిదు వేళ్ళతో ఒక పాదం బయటికి తొంగి చూసిందట. వాడు యంత్రాన్ని ఆపలేదు, తను మాత్రం దూకేశాడు. యంత్రం చెయ్యి పైకెత్తి అట్లాగే గుర్రుమంటూ ఉంటే, వాడు బెళుగుప్ప రోడ్డు దాకా పరుగెత్తి అక్కడినుంచి నాకు ఫోను చేశాడు. వాడి భయంలో తప్పేమీ లేదు. మా జిల్లాలో మట్టిలోంచి కాలు బయటపడితే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది డాక్టరు కాదు.

నేను వెళ్ళేసరికి కల్వర్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. "అన్నా, ఆడ మనిషి కాలుండాది" అన్నాడు. "ఒగటేనా?" అని అడిగాను. ఊరికే తెలుసుకుందామని అడిగిన ప్రశ్న అది. కానీ వాడు నన్ను చూసిన చూపులో అప్పటికే నా మీద కేసు నమోదైపోయింది. "భయపడాకప్పా, అది మా చిన్నాయన కాలు. రబ్బరుది" అని చెప్పాక కూడా కొంచెం దూరం జరిగే కూర్చున్నాడు. అక్కడ సమాధి ఉందని ముందే చెప్పొద్దా అని వాడడగలేదు గానీ, అడగాల్సిందే. గుర్తుకని మేము నిలబెట్టిన బండను ఎవరో బట్టలుతుక్కోవడానికి పట్టుకుపోయి చాలా కాలమైంది. మా ఊళ్ళో మంచి బండ ఒకచోట ఊరికే నిలబడి ఉంటే చూడలేరు, దానికేదైనా పని చెబుతారు. మనుషుల విషయంలో మాత్రం దీనికి సరిగ్గా తిరగబడిన పద్ధతి. ఆ పద్ధతి వల్లే ఈ కథంతా.

మా చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. పద్దెనిమిదేళ్ళ వయసులో అనంతపురంలో మిలిటరీ సెలక్షన్లని బస్సెక్కి వెళ్ళినవాడు, తొంభైల చివర్లో ఒక నల్ల పెట్టె, ఒక దుప్పటి, రెండు చంకకర్రలు తీసుకుని తిరిగొచ్చాడు. కుడికాలు మోకాలి కింద లేదు. సరిహద్దు దగ్గర ఎక్కడో మంచులో, కాలు పెట్టకూడని చోట పెట్టాడు. ఊరంతా ఆ కథ వినడానికి మా ఇంటి ముందు చేరింది. తుపాకులు, శత్రువులు, జెండా, అన్నీ ఉంటాయని పిల్లలను కూడా తీసుకొచ్చారు. చిన్నాయన గొంతు సవరించుకుని, "అడుగేసినా. పేలింది" అన్నాడు. జనం ఇంకా కాసేపు ఎదురుచూశారు. "అంతే" అన్నాడు. ఒకాయన పైకి వినపడేట్టుగానే, ఇంత మాత్రానికి గొర్రెలను ఇంట్లో వదిలి వచ్చినానే అని బాధపడుతూ వెళ్ళాడు. ఎంత పెద్ద సంగతినైనా చెయ్యి పట్టుకుని కింద కూర్చోబెట్టే ఈ పాడు అలవాటు నాకు ఆయన దగ్గరే అంటుకుంది. బడి ఆవరణలో ఆయనకు దండ వేసి, దేశం కోసం కాలిచ్చినాడని ఒక పెద్దమనిషి ఉపన్యసిస్తుంటే, చిన్నాయన నా చెవి దగ్గరికి వంగి, "నేనిచ్చినానా రా? అడగకుండా వాళ్ళే తీసుకున్నారు" అన్నాడు. అప్పుడు నేను డిగ్రీ తప్పి ఊళ్ళో ఖాళీగా ఉన్నాను. ఆయనకు ఒక కాలు లేదు, నాకు ఒక సబ్జెక్టు లేదు. ఇద్దరికీ బాగా కుదిరింది.

ఊరు ఆయనను చాలా బాగా చూసుకుంది. ఇది వెటకారం కాదు, నిజం. ఆయనకు పెళ్ళి కాలేదు, వాళ్ళమ్మతో, అంటే మా అవ్వతో కలిసి మా పక్కింట్లోనే ఉండేవాడు. తొలివాన పడితే, ఎవరి చేను వాళ్ళు పట్టించుకోక ముందే, అందరూ కలిసి ఆయన చేనుకు వచ్చి శనక్కాయలు విత్తేవాళ్ళు. కలుపూ వాళ్ళే తీసేవాళ్ళు, పీకడమూ వాళ్ళే. గట్టు మీద ఒక మంచం వేసి, దానికొక గొడుగు కట్టి, చిన్నాయనను పెళ్ళికొడుకులా కూర్చోబెట్టేవాళ్ళు. ఆయన చెయ్యి చాచి గునపం అందుకోబోతే ఎవరో ఒకరు లాక్కునేవాళ్ళు. "నువ్వు కూసోప్పా." బిందె ఎత్తబోతే, "నువ్వు కూసోప్పా." బస్సులో లేచి నిలబడేవాళ్ళు, రచ్చబండ మీద జరిగేవాళ్ళు, చావుకు పోయినా పెళ్ళికి పోయినా ముందు కుర్చీ వెతికేవాళ్ళు. మిలిటరీలో అన్నేళ్ళు నిలబెట్టినారు, ఊళ్ళో ఇన్నేళ్ళు కూసోబెడతాండారు, రెండు మూడు రోజులు నడిపించే ప్రభుత్వమేదైనా ఉండాదేమో కనుక్కోరా అనేవాడు నాతో. నవ్వుతూనే అనేవాడు. కానీ తన చేను ఇంకొకరు విత్తుతుంటే, గొడుగు నీడలో ఆ సాళ్ళ వైపు చూసే ఆయన ముఖంలో నవ్వు ఉండేది కాదు. చెయ్యి మాత్రం మంచం కోడును గట్టిగా పట్టుకుని ఉండేది, విత్తే గొర్రు పిడిని, మేడిని పట్టుకున్నట్టు.

అప్పట్లో నెలకోసారి మా బడి వరండాకు ఒక జీపు వచ్చేది. పల్లెల్లో ఉన్న కాలూ చెయ్యీ పోయిన మాజీ సైనికుల కోసం పట్నంలో కొందరు కలిసి నడిపించిన పని అది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చేవాళ్ళు. కొత్తచెరువు నుంచి కూడా ఒకాయన అన్ని బస్సులు మారి వచ్చేవాడు. చికిత్స ఎక్కడైనా ఒకటే గానీ ఇక్కడ బొరుగుల ఉగ్గాని బాగుంటుందని ఆయన వాదన. జీపును నడిపించేది రాప్తాడు వైపు రిటైర్డు హవల్దారు. మేము జీపు సార్ అనేవాళ్ళం. ఆయనకూ ఒక కాలు ఇనుపదే. ఎవరైనా దిగాలుగా కూర్చుంటే తన కాలిని తలుపు తట్టినట్టు టకటకా తట్టి, "లోపల ఎవరూ లేరు, అయినా నడుస్తాండా చూడు" అనేవాడు. చాలా మంచి మనిషి. ఆయనతో ఉన్న చిక్కల్లా ఒకటే. ఎవరికి ఏమి పోయినా ఆయన దగ్గర ఉన్న మందు ఎస్టీడీ బూతు. మా ఊళ్ళో మేము ఫోను చేయాల్సిన మనుషులందరూ కేకేస్తే వినపడే దూరంలోనే ఉండేవాళ్ళని చెబితే, సరే అయితే పట్నంలో గేటు దగ్గర వాచ్‌మన్ పని చూస్తానన్నాడు. అదీ కాదంటే చిల్లర కొట్టు. ఆయన చెప్పిన ప్రతి బతుకులోనూ ఒక కుర్చీ ఉండేది. చిన్నాయన అంతా విని, "కూసోడానికి కాలెందుకు సార్? కాలిస్తానంటాండారు గదా, నిలబడే పని చెప్పండి" అన్నాడు. ఏం పని కావాలని సార్ అడిగాడు. "నా చేను నేనే విత్తుకోవాల. ఒగసారైనా సాలు." జీపు సార్ ఆ మాటకు తన కాలిని తట్టలేదు. మెత్తటి దుక్కిలో రబ్బరు పాదం దిగబడుతుందనీ, రోడ్డు మీద నడిచినట్టు కాదనీ మెల్లగా చెప్పి, ఆ తర్వాత కొలతలు తీసుకున్నాడు.

కాలు ఒక గోనెసంచిలో వచ్చింది. పైన బూడిదరంగు గొట్టం, పట్టీలు, కింద రబ్బరు పాదం. నిజం చెప్పాలంటే ఆ పాదం మా వంశానికి మించిన రంగు. వేళ్ళు, వేళ్ళ మీద గోళ్ళు, మడమ దగ్గర గీతలు, అన్నీ చేసి పెట్టారు. చెప్పు పట్టడానికి బొటనవేలి పక్కన సందు కూడా వదిలారు. అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పుట్టిన బిడ్డకు చూసినట్టు ఒక్కొక్క వేలూ పట్టి చూసింది. అయిదూ ఉన్నాయని తేలాక, "కాలు మాత్రం తెల్లగా పుట్టిండాది" అంది.

చిన్నాయనకు లేని కాలు నొప్పి పుట్టేది. మొదట్లో మాకు అర్థం కాలేదు. పట్టపగలు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముఖం బిగబట్టి, కుడికాలి వేళ్ళు మెలి తిప్పినట్టు ఉందనేవాడు. నేను కింద చూసేవాణ్ణి, అక్కడ నేల ఉండేది. ఇది అందరికీ ఉండేదే, తనకు లేని పాదంలో ఒకచోట ఎన్నో ఏళ్ళుగా దురద, చెయ్యి అందదు అని జీపు సార్ చెప్పాడు. అవ్వకు ఈ శాస్త్రాలు పట్టవు. బిడ్డకు కాలు నొప్పి, అంతవరకే ఆమె విన్నది. రబ్బరు కాలు వచ్చాక, ఆయనకు నొప్పి వచ్చినప్పుడల్లా గోడకు ఆనించి ఉన్న ఆ కాలిని తెచ్చి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒత్తేది. కాస్త ఆముదం కూడా రాసేది. "తగ్గిందా నాయనా?" అని అడిగేది. "తగ్గిందిమా" అనేవాడు చిన్నాయన. ఒకసారి నేను, నిజంగా తగ్గుతాందా అని పక్కకు పిలిచి అడిగాను. "మాయమ్మకు తగ్గిందిలేరా" అన్నాడు.

మా ఊరి బయట ఒక వంక ఉంది. పేరుకు వంకే గానీ నీళ్ళు పారగా చూసినవాళ్ళు దాని గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు. మిగతా కాలమంతా ఇసుక. దుక్కి ఎంత మెత్తనో ఆ ఇసుకా అంతే మెత్తన కాబట్టి చిన్నాయన అక్కడ నడక నేర్చుకున్నాడు. పొద్దున్నే ఆయన, నేను. పడేవాడు. లేపడానికి నేను పోతే చెయ్యి విదిలించేవాడు. కాబట్టి నేను గట్టున కూర్చుని, ఈ రోజు భూమికి ఎన్ని దండాలు పెట్టాడో లెక్క చెప్పేవాణ్ణి. దిగబడిన రబ్బరు పాదాన్ని లాగాలంటే తొడ అంతా పైకి ఎత్తాలి. దాంతో ఆయన నడక, వరద నీళ్ళలో నడిచే మనిషి నడకలా అయింది. వంకలో నీళ్ళు లేని లోటు నువ్వే తీరుస్తాండావు చిన్నాయనా అన్నాను. నవ్వి మళ్ళీ పడ్డాడు. సాయంత్రం తొడుగు విప్పితే మోకాటి కింద చర్మం ఎర్రగా కమిలి ఉండేది. అవ్వ చూడకుండా పంచె కప్పేవాడు. ఎండలన్నీ అట్లా గడిచి, మబ్బులు వచ్చే వేళకు పడటం తగ్గింది. ఈ ఏడు నా చేనుకు ఎవరూ రావొద్దు, నేనే గొర్రు పడతా అని చెప్పి వచ్చాడు ఊళ్ళో. ఊరు, సరేలేప్పా నువ్వు కూసో అంది.

తొలివాన పడింది. మా ఊరికి విత్తనం రోజున ఒక పద్ధతి ఉంది. గొర్రుకు పసుపు కుంకుమ పెట్టాక, ఇంటి పెద్ద ఆడమనిషి గొర్రు పట్టేవాడి కాళ్ళు గట్టు మీదే కడిగి పసుపు రాస్తుంది. ఆ తడికాళ్ళతోనే అతను దుక్కిలోకి దిగాలి. గట్టు దాటి ఎవరూ చెప్పులతో అడుగు పెట్టకూడదు. ఆ పద్ధతికి కాపలాదారు ఒక ముసలాయన. ఊరందరి చేన్లలోనూ తొలి సాలు ఆయనే పట్టేవాడు కాబట్టి ఆయనను గొర్రు తాత అనేవాళ్ళం. చిన్నాయన చేనును ఇన్నేళ్ళూ ముందుగా వచ్చి విత్తిపెట్టింది కూడా ఆయనే. చిన్నాయన గట్టు మీద ఎడమకాలి చెప్పు విడిచి, పంచె ఎగగట్టి, చంకకర్రలు లేకుండా నిలబడ్డాడు. గొర్రు తాత పైనుంచి కిందికి చూసి, "అది గూడా ఈడ ఇప్పేసి రాప్పా" అన్నాడు.

"ఏది తాతా?"

"అదే, ఆ రబ్బరుది. ఇత్తనం చేన్లోకి చెప్పుతో పోకూడదు గదా."

"ఇది చెప్పు కాదు తాతా. కాలు."

"కాలయితే పొద్దున లేసి తగిలిచ్చుకుంటారా?"

ముసలాయన మాటలో విషం లేదు. అదే చిక్కు. విషముంటే పోట్లాడొచ్చు. ఆయనకు నిజంగానే అనుమానం. ఇది కాలా, చెప్పా? చుట్టూ ఉన్న జనానికి వెంటనే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. మా ఊళ్ళో దేనికైనా ముందు అవే ఏర్పడతాయి. రబ్బరుతో చేసింది కాబట్టి చెప్పే అన్నారు ఒకరు. చెప్పుకు వేళ్ళుంటాయా అన్నారు ఇంకొకరు. పండుకునేటప్పుడు విప్పేది ఏదైనా చెప్పు కిందే లెక్క అని ఒకాయన తీర్మానించబోతే, రిటైరైన బడి అయివారు తన కట్టుడు పళ్ళు బయటికి తీసి, మరి వీటి సంగతేమని అడిగారు. పళ్ళు నేలకు తగలవు కాబట్టి ఆయనను ఆ చర్చ నుంచి తప్పించారు. నేను ఊరుకోలేక, ఎద్దులకు లాడాలు కొట్టించినారు గదా, అవి ఇప్పి గట్టున పెట్టి వచ్చినాయా అన్నాను. కొందరు నవ్వారు. గొర్రు తాత నవ్వలేదు. "ఎద్దుకు దోషం లేదు. నువ్వు నోరు మూసుకో" అన్నాడు. ఈ యేడు వానలు పోతే ఎవరిది పాపం అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. అది వినపడ్డాక నవ్విన వాళ్ళు కూడా తల దించుకున్నారు. మా నేల మీద ఆ మాటతో ఎవరూ ఆడుకోరు.

చిన్నాయన గట్టు మీద కూర్చున్నాడు. ఎవరూ కూసోమని చెప్పలేదు. ఆయనే కూర్చున్నాడు. మోకాటి దగ్గర పట్టీ మీద చెయ్యి వేశాడు. ఆ పట్టీకి ఉన్న ఇత్తడి బిళ్ళ ఎప్పుడూ సులభంగా ఊడేది, ఆ రోజు ఊడలేదు. ఆయన వేళ్ళు దాని చుట్టూ తిరుగుతున్నాయి. మంచమూ గొడుగూ కాస్త దూరంలో వేసే ఉన్నాయి, ఎందుకైనా మంచిదని ఎవరో తెచ్చి పెట్టారు.

అప్పుడు అవ్వ చెంబు తీసుకుని వచ్చింది. ఈ వాదనంతా ఆమె వినిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. పసుపు పళ్ళెం కింద పెట్టి, కొడుకు ముందు గొంతుకూర్చుని, ఎడమకాలు కడిగింది. పసుపు రాసింది. తర్వాత ఏమీ ఆగకుండా, రెండో కాలిని చేతిలోకి తీసుకుని నీళ్ళు పోసింది. మడమ రుద్దింది. బొటనవేలి పక్క సందులో వేలు పెట్టి గీకింది. వంక ఇసుక, ఎండిన మట్టి పెళ్ళలుగా ఊడి పడ్డాయి. "ఏంది రా ఇది, వేళ్ళ సందున ఇంత మట్టి? ఇంత మనిషివైనావు, కాళ్ళు కడుక్కునేది ఇంగా రాలేదు నీకు" అని తిట్టింది. ఆ తెల్లటి పాదానికి నిండా పసుపు పట్టించి, కొంగుతో తుడవకుండా, "లే. ఎద్దులు నిలబడుండాయి" అంది.

తల్లి తిట్టాక ఇంక తీర్పు చెప్పేదేముంది. గొర్రు తాత ఆ పసుపు పాదాన్ని చూశాడు. తర్వాత పక్కకు జరిగి మేడి వదిలాడు. చిన్నాయన దుక్కిలోకి దిగాడు. ఎడమకాలి గుర్తు, రబ్బరు కాలి గుర్తు, రెండూ తడిమట్టిలో అయిదేసి వేళ్ళతో పడ్డాయి. మొదటి సాలు చివర ఒకసారి పడ్డాడు. పది మంది ఒక్కసారి ముందుకు ఉరికారు. "రావాకండి" అన్నాడు. లేచి మేడి పట్టుకున్నాడు. పొద్దు వాలేసరికి చేనంతా విత్తాడు. మొలకలొచ్చాక చూడాలి ఆ సాళ్ళ అందం. పాము తాగి నడిచినట్టు ఉన్నాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చిన్నాయన మాత్రం గట్టు మీద నిలబడి, తన చేను పొరుగువాడి చేనులా కాకుండా ఉండటమే చాలునన్నట్టు చూసేవాడు. నిలబడి చూసేవాడు, అది గమనించాలి. మంచాన్ని అవ్వ ఇంట్లోకి వేయించింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ మాది అనంతపురం. పూత దాకా చినుకులు పడ్డాయి, కాయ కట్టే ఊడ నేలలోకి దిగే వేళకు మబ్బు మాట తప్పింది. చేను నిలువునా ఎండింది. కాలు వల్లనే వాన పోయిందని ఎవరైనా అంటారేమోనని నేను కాచుకుని ఉన్నాను. ఎవరూ అనలేదు. చెప్పులు విడిచి విత్తిన చేన్లు కూడా అంతే శ్రద్ధగా ఎండాయి. తర్వాతి ఏడూ అంతే, ఆ తర్వాతా అంతే. మధ్యలో ఒకసారి పెట్టిన విత్తనాలు మాత్రం చేతికొచ్చాయి, మిగతాదంతా గాలికి పోయింది. చిన్నాయన ప్రతి ఏడూ విత్తాడు. అవ్వ ప్రతి ఏడూ రెండు కాళ్ళూ కడిగి, ప్రతి ఏడూ తిట్టింది.

జీపు రావడం మానేసింది. పట్నంలో ఆ పని నడిపినవాళ్ళకు ఎక్కడినుంచో వచ్చే సాయం ఆగిపోయిందట. జీపు సార్ చివరిసారి వచ్చినప్పుడు, ఇక నుంచి అందరూ అనంతపురానికే రావాలని చెప్పి, ఆ మాట చెప్పడానికి తను పల్లె పల్లెకూ తిరగాల్సి వచ్చిందని కాలు తట్టి నవ్వబోయాడు. కొత్తచెరువు ఆయన ఉగ్గాని రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. ఆ తర్వాత మడమ చీలితే చిన్నాయన కాలిని బెళుగుప్పలో పంక్చరు కొట్టులో ఇచ్చేవాడు. సైకిలు ట్యూబు ముక్క అంటించి, ఎంతైనా అలవాటు కొద్దీ గాలి ఎంత కొట్టమంటావని అడిగేవాడట ఆ కొట్టతను. పట్టీలు చెప్పులు కుట్టే ఆయన కుట్టేవాడు. పాదం రంగు మెల్లమెల్లగా మా వంశంలో కలిసింది. తొడుగు మాత్రం వదులైపోయింది. ఒళ్ళు తగ్గుతున్న మనిషికి పాత కొలత ఎట్లా సరిపోతుంది? లోపల రాసుకుని పుండు పడింది. అప్పటికి సుగరు కూడా ఉందని తేలింది.

అనంతపురం డాక్టరు, పుండు మానేదాకా ఆ కాలు పెట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు. అది చెప్పిన వారానికే తొలివాన పడింది. మా నాయన, నేను, ఈ ఒక్క ఏడు మేము విత్తుతాం అన్నాము. గొర్రు తాత కూడా, బాగా వంగిపోయినవాడు, కర్ర పట్టుకుని ఇంటికొచ్చి, "నేను పడతాలేప్పా. నువ్వు..." అని ఆగిపోయాడు. ఆ తర్వాతి మాట ఏదో అందరికీ తెలుసు. ఆయనే దాన్ని నోట్లోనే ఉంచుకున్నాడు. చిన్నాయన కాలు తగిలించుకున్నాడు. అవ్వ కడిగింది. ఆ రోజు తిట్టలేదు. సాయంత్రం తొడుగు విప్పడానికి నన్ను పిలిచాడు. విప్పాను. నా దగ్గర మాట లేకపోవడం ఆయన మొదటిసారి చూశాడు కాబోలు, "ఏమి రా, లెక్క చెప్పవే? ఈ పొద్దు ఎన్ని దండాలు?" అన్నాడు. "ఒగటి గూడా లేదు చిన్నాయనా" అన్నాను. నిజమే. ఆ రోజు ఒక్కసారి కూడా పడలేదు.

జ్వరం పట్టుకుంది. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళున్నాడు. తొడ దాకా తీయాలన్నారు, తీసే లోపలే పోయాడు. ఇంటికి తెచ్చేసరికి మధ్యాహ్నం. జీపు సార్ రాప్తాడు నుంచి బస్సులో వచ్చి ఒక మూల నిలబడ్డాడు. కుర్చీ తెస్తే వద్దన్నాడు.

స్నానం చేయించేటప్పుడు వాచీ తీశారు, మొలతాడు తీశారు, ఆసుపత్రి నుంచి వెంట వచ్చిన రబ్బరు కాలిని గోడకు ఆనించారు. చనిపోయిన మనిషిని చెప్పులతో పంపరు గదా. అంతా పద్ధతిగానే జరుగుతోంది. కొత్త బట్ట కప్పి, నుదుట బొట్టు పెట్టి, ఆఖర్న కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టాలి. మా నాయన దారం తీసుకుని కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఎడమకాలి బొటనవేలుకు చుట్టాడు. అక్కడ ఆగిపోయాడు. దారం రెండో కొస ఆయన చేతిలో ఉంది. దాన్ని దేనికి కట్టాలో ఆయనకు తెలియలేదు. అక్కడున్న వాళ్ళెవరికీ తెలియలేదు. ఊళ్ళో అన్నిటికీ పద్ధతి ఉంది, దీనికి లేదు. ఏడుస్తున్నవాళ్ళు కూడా ఏడుపు ఆపి చూస్తున్నారు. 

గొర్రు తాత లేచాడు. కర్ర వదిలి, గోడ పట్టుకుని నడిచి, ఆ కాలిని రెండు చేతులా ఎత్తి తెచ్చాడు. దాన్ని దాని చోట పెట్టి, "రెండు కాళ్ళ మనిషప్పా ఇతను. కట్టు" అన్నాడు. ఎవరో గొణిగారు, అది రబ్బరు కదా తాతా అని. "వాళ్ళమ్మ కడిగింది. నేను చూసినా" అన్నాడు. దారం పొడవు చాలలేదు. రబ్బరు వేలు లావు. విత్తనాల సంచి మూతికి కుట్టిన నైలాను తాడు లాగి ఇచ్చారు. మా నాయన ఆ రెండు వేళ్ళూ దగ్గరికి చేర్చి ముడి వేస్తుంటే, తలవైపు కూర్చుని ఉన్న అవ్వ, అటు చూసి, "మెల్లగా కట్టు నాయనా. ఆ కాలు వానికి నొప్పి" అంది. ఆమె చూపించింది కుడికాలిని.

మొలకలు లేచిన చేన్లోనే, గట్టు పక్కన పూడ్చాము. వచ్చినవాళ్ళందరూ చెప్పులు గట్టు మీద విడిచారు. ఆ ఏడు వానలు ఎప్పుడూ పడనంత బాగా పడ్డాయి. వంక పారింది. శనక్కాయ ఊడలు దిగి, పీకితే చెట్టుకు చేతినిండా కాయలు వచ్చాయి. ఆ వంకర సాళ్ళలోనే. అవ్వ ఒక్క కాయ కూడా నోట్లో పెట్టుకోలేదు. రెండేళ్ళకు ఆమె, ఆ వెనక గొర్రు తాత వెళ్ళిపోయారు. ఇప్పుడు మా ఊళ్ళో ట్రాక్టరుతో విత్తుతారు. దాన్ని తోలేవాడు చెప్పులు విడవడు. అడిగే మనిషీ లేడు.

ఇంతకీ పోయిన నెల జరిగింది చెబుతున్నాను. జేసీబీ పిల్లగాణ్ణి దారి కాస్త అవతలికి మళ్ళించమని చెప్పి, తీసిన మట్టి ముందు కూర్చున్నాను. యంత్రం సమాధిలో కాళ్ళ వైపు కొసను మాత్రం తాకింది. మిగతాది చూడాలని నాకనిపించలేదు. పాదం మట్టి ముద్దగా ఉంది. పిల్లగాడి దగ్గర నీళ్ళ సీసా అడిగి తీసుకుని పోశాను. రంగు ఎప్పుడో పోయింది గానీ, గోళ్ళు అట్లాగే ఉన్నాయి, పంక్చరు అతికింపు అట్లాగే ఉంది. బొటనవేలు చుట్టూ నైలాను తాడు, మా నాయన వేసిన ముడి కూడా ఊడలేదు. తాడుకు రెండో వైపు ఇంకో చుట్టు ఉంది, వేలు పట్టేంత గుండ్రంగా, లోపల ఏమీ లేకుండా. ఆయనకు పుట్టుకతో వచ్చిన కాలిది అది.

పిల్లగాడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడు వచ్చాడో, వాడి చెప్పులు గట్టు మీద ఉన్నాయి. నేను చెప్పలేదు. "దీన్నేం చేస్తావన్నా?" అన్నాడు. మళ్ళీ అక్కడే పెడతానన్నాను. పెట్టేముందు బొటనవేలి సందులో వేలు పెట్టి గీకాను. ఎంత గీకినా వస్తూనే ఉంది. ఇన్నేళ్ళలో ఎంత మట్టి చేరుతుందో, ఒకసారి కడగబోతే గానీ తెలియదు.